గోడ మీది ఎర్ర గీతలు

హెడ్‌లైటు పాలిష్ అంటే చేతిని గుండ్రంగా తిప్పడం. నా మణికట్టు రెండు నిమిషాలు తిరిగి మూడో నిమిషం తిరగనంటోంది. అందుకని పని మానేశాను. దీనికి మించి పెద్ద కారణమేమీ లేదు.

పని మానేసినా అడగడానికి కుర్రవాళ్లు వస్తూనే ఉన్నారు. ఫోనులో వీడియో చూసి, నాలుగు రకాల గరుకు కాగితాలు కొనుక్కుని, మేనమామ కారు మీద ప్రయోగం చేసి, ఆ కారు తోలుకుని నా దగ్గరికి వస్తారు. “తాతా, గిట్లెందుకైంది?” అంటారు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. నలభై ఆరేళ్లకు అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. రాత నెమ్మదిగా సాగుతుంది కాబట్టి అనవసరమైనవి రాయను. తప్పులు మా చర్చిలో ఒక టీచరమ్మ దిద్దింది. అభిప్రాయాలు కూడా దిద్దబోయింది, నేను ఒప్పుకోలేదు.

లైటు ఎందుకు పచ్చబడుతుంది

ముందు ఒకటి తెలుసుకోండి. అది అద్దం కాదు, గట్టి ప్లాస్టిక్. కంపెనీవాళ్లు దాని మీద కంటికి కనపడని పల్చటి పొర ఒకటి వేసి పంపుతారు. ఎండ ఆ పొరను తింటుంది. పొర పోయాక ప్లాస్టిక్‌ను తింటుంది, అది పసుపు రంగుకు తిరుగుతుంది. ఎయిర్‌పోర్టు క్యాబులు రోజంతా నీడ లేని చోట వరసలో నిలబడి ఉంటాయి. ఇక్కడ శంషాబాద్‌లో నాకు పని ఎందుకు దొరికిందంటే ఎండ వల్ల. దేవుడి దయ వల్ల అని మా ఆవిడ కరుణమ్మ అంటుంది. రెండూ పైనుంచే వస్తాయి కాబట్టి నేను వాదించను.

టూత్‌పేస్టుతో రుద్దితే మెరుస్తుందా అని అందరూ అడుగుతారు. మెరుస్తుంది. పదిహేను రోజులు మెరుస్తుంది. ఆ తర్వాత ముందున్న దానికంటే పచ్చగా అవుతుంది. టూత్‌పేస్టు పళ్లకు వాడండి.

పద్ధతి ఇది. లైటు చుట్టూ బండి రంగు మీద టేపు అంటించాలి. సబ్బునీళ్లు పోస్తూ ముందు గరుకు కాగితం, తర్వాత సన్నది, తర్వాత ఇంకా సన్నది పట్టాలి. ప్రతి కాగితం కిందటి కాగితం చేసిన గీతల్ని పోగొట్టాలి. మధ్యలో లైటు ముందుకంటే అధ్వాన్నంగా, పాలు పోసినట్టు తెల్లగా అవుతుంది. అప్పుడు ఓనరు పక్కనుంటే గుండె పట్టుకుంటాడు. ఆయన్ను చాయ్ తాగి రమ్మని పంపండి. చివరికి పాలిష్ పట్టి, తుడిచి, ఎండను ఆపే క్లియర్ కోటు కొట్టాలి. ఆ కోటు వేయకపోతే మీరు చేసిందంతా ముఖం కడగడం కిందే లెక్క.

ఖలీల్ ఉస్తాద్

ఈ పని నాకు నేర్పింది అత్తాపూర్‌లో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడిపిన ఖలీల్ ఉస్తాద్. ఆయన ఎవరినీ కొట్టలేదు, ఎవరినీ పొగడలేదు. పని బాగుంటే ఏమీ అనడు. బాగా లేకపోతే బండి చుట్టూ ఒకసారి తిరిగి, “ఇగ దీన్ని పెండ్లికి పంపియ్యి” అనేవాడు. దాన్ని మళ్లీ మొదటినుంచి చేయాలని అర్థం.

సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్మే ఒకతను తరచూ వచ్చేవాడు. అతనికి నెలరోజులు నిలిచే మెరుపు చాలు. అమ్మేదాకా మెరిస్తే చాలనేవాడు. ఉస్తాద్ అతను కోరినట్టే పైపైన పాలిష్ చేసి ఇచ్చేవాడు. కానీ బండి కొనడానికి ఎవరైనా వచ్చి షెడ్డులో చూస్తుంటే పిలిచి మరీ చెప్పేవాడు: “భాయ్, ఈ లైటు నెలకు మల్ల పచ్చగైతది. నేనే చేసిన. నాకెర్కనే.”

అమ్మేవాడు మొత్తుకున్నాడు. “ఉస్తాద్, నా గిరాకి ఖరాబ్ చేస్తున్నవ్!”

“నువ్వు పాలిష్ చెయ్యమన్నవ్, చేసిన. నోరు మూసుకోమనలే గదా?”

“ఇప్పుడంటున్న, మూసుకో!”

“దాని రేటు వేరే ఉంటది,” అన్నాడు ఉస్తాద్. అమ్మేవాడు మళ్లీ రాలేదు.

అది వ్యాపారానికి మంచిదని నేను చెప్పను. షెడ్డు పెద్దగా పెరగలేదు. ఆయన మాత్రం రాత్రిళ్లు హాయిగా గురకపెట్టి నిద్రపోయేవాడు.

బొటనవేలు

అక్షరాలు రాని రోజుల్లో కాగితం నంబరు చదవలేను కాబట్టి బొటనవేలితో తడిమి చెప్పేవాణ్ణి. ఎనిమిది వందలది, పదిహేను వందలది, రెండు వేలది; నంబరు పెరిగే కొద్దీ కాగితం సన్నబడుతుంది. షెడ్డులో పందేలు కట్టేవారు. నేను ఒక్కసారీ ఓడలేదు. అదొక విద్య అనుకున్నాను.

అయితే ఇరవై ఏళ్లు గరుకు కాగితం తడిమిన బొటనవేలు ఏమవుతుందో నేను ఆలోచించలేదు. కాయ కాసి రాయిలా అయింది. ఒకరోజు ఒక డాక్టరు గారి బండికి చివరి చెయ్యి వేస్తూ, రెండు వేలది అనుకుని నాలుగు వందల కాగితం పట్టాను. లైటు మీద పిల్లి గీరినట్టు చారలు పడ్డాయి. డాక్టరు గారు చారలు చూసి, నా వేలు చూసి, “ఈ చర్మంలో స్పర్శ లేదు. నువ్వు దీన్ని నమ్ముతున్నావా?” అన్నారు. ఆయన చర్మాల డాక్టరే.

ఆ వారమే కరుణమ్మ ముందు పలక పట్టుకుని కూర్చున్నాను. ఆమె చర్చి పాటల పుస్తకంతో నేర్పింది. నేను గుణింతాల దగ్గర చాలా విసిగించాను. “గాడిదకు నేర్పినా ఈపాటికి పాట పాడుతుండె” అంది. నేర్చుకున్నాక ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. చేసిన ప్రతి బండి నంబరు, తెచ్చినవాడి పేరు, ఏం చేశానో అందులో రాసేవాణ్ణి. ఎందుకు రాస్తున్నానో అప్పుడు తెలియదు. రాయడం వచ్చింది కాబట్టి రాశాను.

ఓవెన్

ఇంటి దగ్గర సొంతంగా పని పెట్టుకున్నాక, లైటు లోపల మార్పులు చేయమని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. లోపల నల్లరంగు, చుట్టూ వెలిగే రింగులు, బల్బు వెలుగును ముందుకు కొట్టే లోపలి గిన్నె మార్చడం. అందుకు లైటును విప్పాలి. జిగురుతో అతికించి ఉంటుంది కాబట్టి వేడిచేస్తేనే ఊడుతుంది. ఓవెన్‌లో పెట్టి వేడిచేయాలని తెలిసింది. మా ఇంట్లో ఓవెన్ ఉంది. క్రిస్మస్ కేకుల కోసం కరుణమ్మ కొనుక్కున్నది.

లైటు ఎంత వేడిలో పెట్టాలో నాకు తెలియదు. కేకు ఎంత వేడిలో పెడుతుందో తెలుసు. అంతే పెట్టాను. బయటికి తీసినప్పుడు అది ఎండలో మర్చిపోయిన దోసకాయలా కూలబడి ఉంది. కేకు వేడిలో సగానికి కొంచెం ఎక్కువ చాలు, అదీ కొద్ది నిమిషాలే అని అలా నేర్చుకున్నాను. ఆ ఏడాది కేకు తిన్న పాస్టరు గారు, “అమ్మా, ఇందులో ఏం ఎసెన్సు వేశారు?” అని అడిగారు. కరుణమ్మ నా వైపు చూసింది. నేను ప్రార్థనలో ఉన్నట్టు కళ్లు మూసుకున్నాను. మీరు విడిగా ఒక ఓవెన్ కొనుక్కోండి.

ఇంకొక తప్పు. లైటు వెనక చిన్న రంధ్రం, దానికి రబ్బరు గొట్టం ఉంటాయి. లోపలికి నీళ్లు పోతాయని నేను దాన్ని సీలెంటుతో గట్టిగా మూసేశాను. వారంలో లైటు లోపలంతా చెమట పట్టింది. లైటు వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కుతుంది. అది బయటికి పోవాలి, మళ్లీ లోపలికి రావాలి. దాని ముక్కు మూయకండి.

నీలం బల్బులు, మరీ తెల్లటి బల్బులు పెట్టమని వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఇంటి ముందు నిలబెట్టినప్పుడు బాగుంటుంది. వానలో రోడ్డు కనపడదు. ఒక రకం బల్బు కోసం చేసిన గిన్నెలో ఇంకో రకం బల్బు పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. నేను ఇలా అన్నందుకు చాలామంది గగన్‌పహాడ్‌లో పెట్టించుకున్నారు. వాళ్లతో నాకు గొడవ లేదు.

గోడ

విప్పి బిగించిన ప్రతి లైటునూ మళ్లీ సరైన ఎత్తుకు సర్దాలి. అది రాకపోతే పాలిష్ ఎంత బాగా వచ్చినా లాభం లేదు. పెద్ద వర్క్‌షాపుల్లో దానికి మిషన్లు ఉంటాయి. నాకు గోడ ఉండేది.

మా వాకిలి పొడుగ్గా ఉంటుంది. చివర పక్కింటివాళ్ల తెల్ల గోడ. బండి గల్లీలోంచి ముందుకు వచ్చి ఆగితే, ముందు చక్రాలు వాకిట్లో, వెనక చక్రాలు గల్లీలో ఉంటాయి. లైటుకూ గోడకూ సరిగ్గా ఇరవై అయిదు అడుగులు. గోడ మీద ఎర్ర రంగుతో రెండు గీతలు గీశాను, చిన్న బండ్లకు ఒకటి, పెద్ద బండ్లకు ఒకటి. గీత లైటు ఎత్తుకన్నా రెండు వేళ్లు కింద ఉంటుంది. డిమ్ లైటు పైఅంచు ఆ గీత మీద కూర్చోవాలి. కూర్చోకపోతే లైటు వెనకున్న స్క్రూ తిప్పి పైకో కిందికో జరపాలి. ఆ గీతలు గీసిన రోజు వాకిలీ గల్లీ ఒకే మట్టంలో ఉన్నాయి. నేనే కొలిచాను.

ఒక ఎండాకాలం గల్లీలో సిమెంటు రోడ్డు వేశారు. మంచి రోడ్డు. అందరం సంతోషించాం.

ఆ తర్వాత నుంచి నాకు ఒక సంగతి తెలుస్తూనే ఉంది. వచ్చిన ప్రతి బండికీ స్క్రూ పైకే తిప్పాల్సి వస్తోంది. ఒకటి కాదు, అన్నీ. బండ్లు ముసలివైపోయి లైట్లు వంగిపోతున్నాయనుకున్నాను. అదే సమయంలో నా పేరు కూడా పెరిగింది. “ఏసోబు తాత చేస్తే లైటు ఎయిర్‌పోర్టు గేటు దాంక కొడ్తది” అని డ్రైవర్లు చెప్పుకున్నారు. నేను కాదనలేదు.

సలీం

సలీం ఎయిర్‌పోర్టు క్యాబు డ్రైవరు. బండి అతనిది కాదు, నర్సిరెడ్డి అనే ఆయనది, డ్రైవర్లు ఆయన్ను పటేల్ అంటారు. నర్సిరెడ్డికి ఆరేడు బండ్లున్నాయి. సలీం నెమ్మదస్తుడు. హారన్ కొట్టడానికి కూడా మొహమాటపడతాడు. అతని లైట్లు నేనే చేశాను.

ఒక పొద్దున వాకిట్లోకి వచ్చి చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు. 

“చాచా, నా బండి గుంజుకున్నడు పటేల్.”

జరిగింది ఇది. ముందురోజు పొద్దు గూకే వేళ సలీం ఒక ప్యాసింజరును మంఖాల్ దారిలో తీసుకుపోతున్నాడు. ఎదురుగా బాల్‌రాజు అనే రైతు మోపెడ్ మీద వస్తున్నాడు. ఆయన ఊరు మంఖాలే. కొత్తిమీర, పాలకూర శంషాబాద్ మార్కెట్టులో అమ్ముతాడు. సలీం లైట్లు కళ్లలో పడి ఆయనకు ఏమీ కనపడలేదు. పైపు కోసం తవ్విన గుంటలో పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. సలీం బండి ఆపి, ప్యాసింజరును ముందు సీట్లోకి జరిపి, బాల్‌రాజును వెనక పడుకోబెట్టి దవాఖానకు తీసుకుపోయాడు. బాల్‌రాజు దారి పొడుగునా, దవాఖానలో కూడా, “ఫుల్ లైటు కొట్టిండు, నా కండ్లల్ల కొట్టిండు” అంటూనే ఉన్నాడు. నర్సిరెడ్డి వచ్చి తాళం తీసుకున్నాడు.

“అల్లా కసం చాచా, డిమ్ముల్నే ఉన్న. ఫుల్ ఎయ్యలే. ఎవ్వలు నమ్ముతలేరు. ఎదురుంగ బండి వస్తే ఫుల్ ఎసెటోనికి బండి ఎవ్వలిస్తరు? ఇంకో పటేల్ కూడ ఇయ్యడు. నువ్వొచ్చి జెప్పు. లైట్లు నువ్వే జేసినవ్, డిమ్ము పెడితే ఎదురోనికి తాకదని నువ్వొక్కమాట జెప్తే ఐపాయె.”

“ఆ ఒక్కమాటకేముంది, పద,” అన్నాను. చొక్కా కూడా మార్చుకున్నాను.

గోదాం

నర్సిరెడ్డి తన బండ్లను గగన్‌పహాడ్‌లో ఒక ఖాళీ గోదాంలో పెట్టుకుంటాడు. నునుపైన సిమెంటు నేల, చివర తెల్ల గోడ. షట్టరు దించితే పట్టపగలే చీకటి. నాకు కావలసింది అదే. బాల్‌రాజును కూడా ఆటోలో పిలిపించారు. కాలికి కట్టుతో కుర్చీలో కూర్చున్నాడు.

నేను టేపు పెట్టి లైటు ఎత్తు కొలిచాను. గోడ మీద అంతే ఎత్తుకు, రెండు వేళ్లు తగ్గించి సుద్దతో గీత గీశాను. బండిని ఇరవై అయిదు అడుగుల దూరంలో నిలబెట్టించాను. “డిమ్ము పెట్టు” అన్నాను. ఆ మాట కొంచెం గట్టిగానే అన్నాను.

వెలుగు అంచు నా గీతకు దాదాపు జానెడు పైన పడింది.

 నేనే అన్నాను, “నేల వంకర ఉన్నది.”

“ఏంది?” అన్నాడు నర్సిరెడ్డి. “నా గోదాం వంకరనా? లెవల్ జూసే ఏసిన్రు.” సీసాలో నీళ్లు తెచ్చి నేల మీద పోశాడు. నీళ్లు ఎటూ పోకుండా రొట్టెలా గుండ్రంగా నిలబడ్డాయి.

“టైర్లల్ల గాలి తక్కువున్నదేమో.”

గాలి చూశారు. సరిగా ఉంది.

“డిక్కీల సామానున్నదా?”

డిక్కీ తెరిచారు. లోపల సలీం నమాజు చాప, ఒక గొడుగు ఉన్నాయి.

బాల్‌రాజు కుర్చీలోంచి అన్నాడు, “ఇగ నా కాలే వంకరున్నదని చెప్పు పెద్దమనిషీ, ఒడుస్తది.”

అప్పుడు నాకు స్క్రూలు గుర్తొచ్చాయి. ఎండాకాలం నుంచి అన్ని స్క్రూలూ పైకే తిప్పాను. ఎలా జరిగిందో ఇంకా తెలియలేదు గానీ, ఎవరు చేశారో తెలిసింది.

ఇక్కడ నేను చేసిన పని మీకు చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. నర్సిరెడ్డి, “చెప్పు ఏసోబూ, ఏమైంది?” అని అడిగాడు. నేను, “గుంతలల్ల పడి పడి స్క్రూ లూజైనట్టున్నది” అన్నాను. అది అబద్ధం. ఆ స్క్రూ లూజైతే లైటు కిందికి వాలుతుంది, పైకి లేవదు. ఆ సంగతి అక్కడ నాకొక్కడికే తెలుసు.

ఆ అబద్ధంతో సలీం కూడా బయటపడతాడనుకున్నాను. నర్సిరెడ్డి అలా అనుకోలేదు. “అయితే డ్రైవర్ చూసుకోవాలె గదా? లైటు ఆకాశంల కొడ్తుంటే తెల్వదా? బండి నడిపెటోనికి సోయి లేకపోతే నేనేం జెయ్యాలె?” అన్నాడు. తాళం జేబులోంచి తీయనేలేదు.

సలీం నా వైపు చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నీళ్ల పైపు

ఇంటికొచ్చి పక్క వీధి మేస్త్రీ దగ్గర నీళ్ల పైపు అడిగి తెచ్చాను. పారదర్శకంగా ఉండే సన్నటి పైపు. నీళ్లు నింపి రెండు చివరలూ రెండుచోట్ల పట్టుకుంటే, రెండింట్లో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అన్నది తెలిసిపోతుంది. ఒక చివర కరుణమ్మకిచ్చి గల్లీలో నిలబెట్టాను.

“ఇది దేనికి?” అంది.

“రోడ్డు ఎత్తున్నదా చూస్తున్న.”

ఆమె పైపు పట్టుకునే అందుకుంది. “రోడ్డు ఎత్తున్నదా అని పైపు వెట్టి చూస్తున్నవా? వాన నీళ్లన్ని మన వాకిట్లకొస్తున్నయని మూడు నెలల సంది మొత్తుకుంటలేనా? దినాం చీపురు పట్టుకొని తోస్తున్నదెవరు? నన్నడిగితే చెప్పకపోదునా?”

గల్లీ వాకిలి కంటే బెత్తెడు ఎత్తుంది. రోడ్డు వేసినప్పటి నుంచి వెనక చక్రాలు ఎత్తులో, ముందు చక్రాలు పల్లంలో నిలబడుతున్నాయి. బండి ముక్కు కిందికి వంచి ఉండగా నేను లైటును గీత దాకా ఎత్తుతున్నాను. బండి చదునైన రోడ్డెక్కగానే ముక్కు లేస్తుంది, లైటు కూడా లేస్తుంది. చక్రం కింద బెత్తెడు, గోడ మీద జానెడు. ఇంకా దూరం పోతే సరిగ్గా మోపెడ్ మీది మనిషి కళ్ల ఎత్తు.

ఎత్తుగా కొట్టే లైటు గురించి దాని ఓనరు ఎప్పుడూ ఫిర్యాదు చేయడు. వాడికి దూరం బాగా కనిపిస్తుంది, మెచ్చుకుంటాడు. ఫిర్యాదు ఉన్నవాడు ఎదురుగా వెళ్లిపోతుంటాడు. వాడికి నా ఇల్లు తెలియదు. నాకు పేరొచ్చిన ఆ నెలలన్నీ అలా వచ్చిన పేరే. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి.

మర్నాడు పొద్దున్నే గోదాంకు వెళ్లాను. సలీంను వెంట తీసుకెళ్లాను.  నర్సిరెడ్డికి నిలబడే చెప్పాను.

“పటేలా, నిన్న నేను చెప్పింది అబద్ధం. స్క్రూ లూజ్ కాలే. లైటు నేనే ఎత్తుకు పెట్టిన. మా గల్లీ ఎత్తైంది, నేను చూసుకోలే. పోరడు డిమ్ముల్నే ఉన్నడు. ఆ డిమ్ము ఫుల్ లెక్క కొడ్తున్నది.”

నర్సిరెడ్డి అన్నాడు, “ఇదే మాట నిన్న చెప్తే ఏం పోతుండె?”

“నా పేరు పోతుండె.”

“ఇప్పుడు పోలేదా?”

“పోయింది.”

ఆయన జేబులోంచి తాళం తీసి సలీం చేతిలో పెట్టాడు. నాతో, “నా బండ్లు ఇగ నీ వాకిట్లకు రావు” అన్నాడు. అది న్యాయమే. సలీం తాళం కళ్లకద్దుకుని బండి దగ్గరికి వెళ్లాడు. నన్ను ఎక్కమనలేదు. నేను బస్సులో మంఖాల్ వెళ్లాను.

బాల్‌రాజు మంచం మీద ఉన్నాడు. అంతా విని, “అంటే, రోడ్డు మీ గల్లీల వడితే కాలు నాది ఇరిగిందా?” అన్నాడు.

“అవును.”

“ఆ పోరన్ని నేను రెండు దినాలు బూతులు తిట్టిన. దవాఖానల నర్సమ్మలు చెవులు మూసుకున్నరు.”

“ఆ తిట్లు నాయి.”

“మల్ల తిట్టాల్నా ఇప్పుడు?”

“తిట్టు.”

ఆయన ఆలోచించాడు. “నీకంటే చిన్నోన్ని, ఎట్ల తిట్టుదు? కొత్తిమీర మడి కోతకొచ్చింది. ఎవ్వలు అమ్ముతరు?”

నలభై రోజులు ఆ కొత్తిమీర నేనే మార్కెట్టుకు తెచ్చాను. అమ్మడం నాకు రాదు. అందరి కట్టలూ అయిపోయాక నావి మిగిలేవి. వాటిని కరుణమ్మ పచ్చడి చేసేది. రోజూ కొత్తిమీర పచ్చడి తిన్నాం. 

పద్నాలుగు బండ్లు

నోటుపుస్తకం తీశాను. సిమెంటు రోడ్డు పడ్డ తర్వాత నేను లైట్లు సర్దిన బండ్లు పద్నాలుగు. గోడ మీది ఎర్ర గీతలను సున్నంతో కొట్టేశాను. వాకిట్లో వెనక చక్రాలు ఆగేచోట నీళ్ల పైపుతో మట్టం చూసి, బండి మొత్తం వాకిట్లోనే నిలబడేలా గోడకు దగ్గరగా కొత్త గుర్తులు పెట్టాను. తర్వాత ఒక్కొక్కరికీ ఫోను చేశాను.

“లైట్లు మల్ల సర్దాలె బిడ్డా, తీసుకొని రా.”

“ఎందుకు తాతా? మస్తు కొడ్తున్నయ్!”

“అందుకే రా.”

ముందు ఎవరూ రాలేదు. ముసలోడికి పని లేక పిలుస్తున్నాడనుకున్నారు. అప్పుడు సలీం వచ్చాడు. పటేల్‌ను ఎలా ఒప్పించాడో, తను నడిపే బండి తెచ్చి వాకిట్లో పెట్టాడు. “చాచా” అని కూడా అనలేదు. పైపు చివర పట్టుకుని, “నేను పట్టుకుంట, నువ్వు చూడు” అన్నాడు. లైటు సర్దాక మిగిలినవాళ్లకు తనే ఫోన్లు చేశాడు. నేను చెప్పలేనిది అతను చెప్పాడు. ఒక మనిషి కాలు విరిగిందని, బండి పోబోయిందని, తప్పు ఎవరిదో కూడా. రెండు వారాల్లో వరసగా వచ్చారు. కొందరు తిట్టారు. ఒకతను లైటు కిందికి దించుతుంటే, “తాతా, ఓ రెండు వేళ్లు పైకుంచరాదు?” అని బతిమాలాడు. వినలేదు. సలీం నాతో మామూలుగా మాట్లాడడానికి ఇంకో నెల పట్టింది. అది కూడా పండక్కి సేమ్యా ఇచ్చిపోవడానికి వచ్చి, కరుణమ్మతో మాట్లాడి, పోతూ పోతూ “మణికట్టు ఎట్లున్నది?” అన్నాడు.

పదమూడు బండ్లు వచ్చాయి. పద్నాలుగోది అత్తాపూర్ వైపు ఆయనది, బూడిదరంగు బండి. ఫోను చేస్తే అమ్మేశానన్నాడు. కొన్నవాడు ఇంకొకరికి అమ్మాడట. ఆ ఇంకొకరు ఎవరో ఆయనకు తెలియదు. నంబరు నోటుపుస్తకంలో ఉంది. నాకు నోటికి కూడా వచ్చు.

ఇప్పుడు సాయంత్రం ప్రార్థన అయ్యాక నడిచి ఇంటికొస్తుంటే, అప్పుడప్పుడు ఎదురుగా ఒక బండి సరిగ్గా కళ్లలో కొడుతూ వస్తుంది. పక్కనున్నవాళ్లు చెయ్యి అడ్డం పెట్టుకుని తిడతారు. నేను తిట్టను. రోడ్డు అంచుకు జరిగి నిలబడి, నంబరు చదవడానికి చూస్తాను. ఆ వెలుగులో ఇంతవరకూ ఒక్క నంబరూ కనపడలేదు.